గోడ అవతలి రేడియో

మీనాకుమారి రేడియోను ఆమె తోడికోడలు దొంగిలించింది. జోగేశ్వరరావుకి ఇది అనుమానం కాదు, జరిగిన విషయం. భార్య పెద్దకార్యం నాడు ఇంటినిండా జనం. భోజనాల హడావిడి తగ్గాక చూస్తే వంటగది అలమరలో రేడియో లేదు. మర్నాడు పొద్దున్నే అది గోడ అవతల మోగింది. దొంగసొత్తే నోరు విప్పి చెప్పాక సాక్షులతో పనేముంది?

ఆ గోడ ఒకప్పుడు లేదు. ద్రాక్షారామంలో గుడికి వెళ్ళే వీధిలోని ఆ ఇల్లు అన్నదమ్ములిద్దరిదీ. కిరాణా కొట్టు ఎవరికి చెందాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. అన్న త్రిమూర్తులు హాలు మధ్యలో గోడ లేపించాడు. ఇటుకను నిలబెట్టి పేర్చిన పలచటి గోడ. మనుషుల్ని విడదీసింది కాని చప్పుడును ఆపలేదు. త్రిమూర్తులు పోయినప్పుడు జోగేశ్వరరావు శ్మశానానికి వెళ్ళాడు, తిరిగొచ్చి స్నానం చేశాడు. ఆ ఇంటి గడప మాత్రం తొక్కలేదు. ఇప్పుడు అటుపక్క వదిన మాణిక్యాంబ ఒక్కతే ఉంటుంది. ఇటుపక్క ఆయనొక్కడే.

రోజూ తెల్లవారుతూనే గోడ అవతల భక్తిపాటలు మొదలవుతాయి. దాంతో జోగేశ్వరరావుకి మెలకువ వస్తుంది. మెలకువ వెనకే కోపం వస్తుంది. కోపంతో మంచం మీద ఉండలేక లేస్తాడు. అద్దం ముందు నిలబడి గెడ్డం గీసుకుంటాడు. ఆ అద్దం అంచున మీనాకుమారి అంటించిన మెరూన్ రంగు స్టిక్కర్ బొట్లు ఇంకా ఉన్నాయి. పోయేముందు మంచాన పడ్డ రోజుల్లో ఆమె అవే పెట్టుకునేది. వాటిని ఆయన తియ్యలేదు. ఎందుకు తియ్యలేదని ఎవరూ అడగలేదు. తర్వాత కాఫీ పెట్టుకుంటాడు. గోడ అవతల ప్రాంతీయ వార్తలు వచ్చేసరికి ఇడ్లీ తినేసి బీపీ మాత్ర వేసుకుంటాడు.

భార్య ఉన్నప్పుడూ ఆ ఇంట్లో పొద్దు ఇలాగే నడిచేది. కాకపోతే అప్పుడు రేడియో వంటగదిలో ఉండేది. ఆయన మంచం మీంచే "తగ్గించు" అని అరిచేవాడు. ఆమె తగ్గించేది. కాసేపాగి మళ్ళీ పెంచేది. కాపురం మొత్తం మీద ఆయన ఆ రేడియోను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

ఆ ఆదివారం కూతురు సాయిసుధ రామచంద్రపురం నుంచి స్కూటీ మీద వచ్చింది. అక్కడ స్కూల్లో టీచరు. వారానికోసారి కూరలు వండి పట్టుకొస్తుంది. ఆమె చెప్పులు విప్పకముందే తండ్రి మొదలుపెట్టాడు.

"విన్నావా ఎంత గట్టిగా పెట్టిందో? వీధి చివరికి వినిపిస్తోంది."

"అబ్బా, వచ్చీ రాగానేనా నాన్నా!"

"కావాలనే పెడుతుంది. నాకు వినబడాలనే పెడుతుంది."

"పెద్దమ్మకి ఈమధ్య..."

"ఆ ఇంటి మాట ఈ ఇంట్లో ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఎత్తింది నువ్వే కదా!"

జోగేశ్వరరావు టిఫిన్ క్యారేజీ మూత తీసి చూశాడు. దొండకాయ వేపుడు. మళ్ళీ మూత పెట్టేశాడు.

"నాకో రేడియో కావాలి," అన్నాడు.

సాయిసుధ తెల్లబోయింది. "నీకా? అమ్మ పెట్టుకుంటే తగ్గించు తగ్గించు అని ప్రాణం తీసేవాడివి."

"దానికంటే పెద్దది కావాలి. ఆవిడ దగ్గర లేనిది కావాలి. గోడ అవతలికి వినబడాలి."

"ఫోన్లో వస్తాయి కదా నాన్నా అన్నీ. ఇలా ఇయ్యి, పెట్టి చూపిస్తాను."

"ఫోను మాట్లాడ్డానికి. రేడియో రేడియోలా ఉండాలి. బిరడా ఉండాలి. తిప్పితే మోగాలి."

"ఏ కాలంలో ఉన్నావు నువ్వు?"

"నా కాలంలోనే ఉన్నాను. నీకు చేతకాకపోతే మీ ఆయనకి చెప్పు."

అల్లుడు వినయ్ మంచివాడు. ఏదైనా వస్తువు కొనాలంటే హుషారు. మామగారు నోరు తెరిచి ఒకటి అడగడం పెళ్ళయ్యాక ఇదే మొదలు కాబట్టి ఇంకా హుషారు వచ్చింది. ఆయన్ని కాకినాడ తీసుకెళ్ళి మెయిన్ రోడ్డులో పెద్ద కొట్టుకి పట్టుకెళ్ళాడు. కొట్టువాడు పాటల పెట్టెలు చూపించాడు. మాట్లాడితే పలికే గుండ్రటి స్పీకరు చూపించాడు.

"ఏం కావాలో చెప్తే చాలండి, అదే వినిపిస్తుంది. ఏదీ, అడగండి బాబాయిగారూ," అన్నాడు.

"డబ్బాతో నేను మాట్లాడాలా?" అన్నాడు జోగేశ్వరరావు.

"ఇప్పుడందరూ మాట్లాడుతున్నారండి."

"మనుషులతోనే మాట్లాడను. పద వినయ్."

చివరికి వినయ్ ఆన్‌లైన్‌లో వెతికి ఒకటి పట్టాడు. ఇంటర్నెట్ రేడియో. దానికి ఫోను అక్కర్లేదు, కంప్యూటరూ అక్కర్లేదు. ఇంట్లో వైఫై ఉంటే దానంతటదే అందుకుంటుంది. చెక్కపెట్టెలా ఉంటుంది, ముందు చిన్న తెర, ఒక పక్క పెద్ద బిరడా, కింద వరసగా మీటలు. ఒక్కో మీటకి ఒక్కో స్టేషన్ కట్టేసుకోవచ్చు.

"ప్రపంచంలో ఎక్కడి స్టేషనైనా వస్తుందండి మావయ్యగారూ. లండన్ వస్తుంది, జపాన్ వస్తుంది..."

"ప్రపంచం నాకెందుకయ్యా? విజయవాడ వస్తుందా?"

"వస్తుందండి."

"గట్టిగా వస్తుందా?"

"ఇల్లు అదిరిపోతుందండి."

"తెప్పించు."

పెట్టె వచ్చేలోగా కేబుల్ కుర్రాడు వైఫై బిగించి వెళ్ళాడు. రెండో శనివారం స్కూలు సెలవు. సాయిసుధ, వినయ్ ఇద్దరూ వచ్చి ఆ రాత్రికి అక్కడే ఉన్నారు. వినయ్ నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని రేడియోకి వైఫై పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం బిరడా తిప్పుతూ కొట్టాడు. మొదటి మీటకి విజయవాడ కట్టాడు. మిగతా మీటలు ఖాళీగా ఉంచమన్నాడు జోగేశ్వరరావు. రేడియోను ఆయనే రెండు చేతుల్తో ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఆ బల్లను గోడకి ఆనించాడు.

ఆదివారం ఆయన గోడ కంటే ముందే లేచాడు. చాలా కాలానికి కోపం లేకుండా లేచాడు. గెడ్డం గీసుకుని ఉతికిన పంచె కట్టుకుని బల్ల ముందు కూర్చున్నాడు. సాయిసుధ కాఫీ తెచ్చి ఇచ్చింది. గోడ అవతల పాట మొదలైంది. జోగేశ్వరరావు మీట నొక్కాడు. తెర మీద ఏవో అక్షరాలు తిరిగాయి. తర్వాత గదంతా నిండేట్టు పాట వచ్చింది.

ఆయన బిరడా ఇంకొంచెం తిప్పాడు.

"బావుందా మావయ్యగారూ?" అన్నాడు వినయ్.

"ఆగు."

ఏదో తేడాగా ఉంది. గోడ అవతల పాట అయిపోయింది. ఇక్కడ ఇంకా సాగుతోంది. గోడ అవతల అనౌన్సరు నమస్కారం చెప్పింది. ఇక్కడ తంబూరా మోగుతోంది. అవతల వార్తలు మొదలై మొదటి ముక్క అయ్యాక ఇక్కడ అనౌన్సరు నమస్కారం చెప్పింది. అవతల చెప్పిన వాన కబురే కాసేపటికి ఇక్కడ వచ్చింది. అవతల చెప్పిన గోదావరి నీటిమట్టమే కాసేపటికి ఇక్కడ వచ్చింది.

"ఇదేంటి?" అన్నాడు జోగేశ్వరరావు.

వినయ్ గొంతు సవరించుకున్నాడు. "ఆ పాత రేడియోకి గాల్లోంచి నేరుగా వచ్చేస్తుందండి. దీనికి ఇంటర్నెట్ లోంచి రావాలి కదా. ఎక్కడెక్కడో సర్వర్లు తిరిగి మన కేబుల్ లోకి వచ్చేసరికి కాస్త వెనకబడుతుందండి."

"విజయవాడ నుంచి ద్రాక్షారామం రావడానికి ఊళ్ళు తిరిగొస్తుందా?"

"అలా అనే అనుకోండి."

"సరిచెయ్యి."

"సరిచెయ్యడానికుండదండి. ఎంత ఖరీదైంది కొన్నా అంతే."

"అంటే ఆవిడ ముందు, నేను వెనక. ఇంత పెట్టె కొనుక్కుని ఎంగిలి వార్తలు వింటున్నానన్నమాట."

సాయిసుధకి నవ్వొచ్చింది. ఆపుకోలేక పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు ఆయన చూశాడు. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

"ఎక్కడికి నాన్నా?"

"నా రేడియో నేను తెచ్చుకుంటాను."

"నాన్నా, వద్దు. ఒక్కమాట విను..."

ఆయన అప్పటికే వీధిలో ఉన్నాడు. చొక్కా లేదు, కాళ్ళకి చెప్పుల్లేవు. పక్క గుమ్మం తీసే ఉంది. అన్న బతికున్నప్పుడు ఎక్కని మెట్లు ఎక్కాడు, అన్న పోయినప్పుడు తొక్కని గడప తొక్కాడు.

మాణిక్యాంబ హాల్లో గుమ్మానికి వీపు పెట్టి, పీట మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. మనిషి చిక్కిపోయింది. జుట్టు పూర్తిగా నెరిసింది. గోడ దగ్గర స్టూలు మీద మీనాకుమారి రేడియో మోగుతోంది.

"వదినా!" అన్నాడు.

ఆమె తల తిప్పలేదు. ఒక మట్టిబెడ్డ ఏరి పక్కన పడేసింది.

"పిలుస్తుంటే వినబడనట్టు నటిస్తావా? నీ మర్యాద ఏపాటిదో మా అన్న గోడ కట్టినప్పుడే చూశాను. ఆడమనిషి పోయిన ఇంట్లో, జనం విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా వస్తువు ఎత్తుకెళ్తావా? ఎత్తుకెళ్ళినదానివి దాచుకోకుండా రోజూ నా చెవిలో మోగిస్తావా? అది చచ్చిపోయాక కూడా దాని వస్తువుతో నన్ను ఏడిపిస్తావా?"

ఆమె బియ్యం చెరిగింది. ఊక ఎగిరింది.

సాయిసుధ రొప్పుతూ వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"అరవకు నాన్నా. పెద్దమ్మకి వినపడదు."

"ఏంటి?"

"పూర్తిగా పోయింది. విషజ్వరం వచ్చి తగ్గాక చెవులు పోయాయి. ఎవరు మాట్లాడినా సైగలే. ఎప్పుడు చెప్పబోయినా నా నోరు మూయించావు."

జోగేశ్వరరావు రేడియో వైపు చూశాడు. అది మోగుతూనే ఉంది. వార్తలయ్యాయి, రైతుల కార్యక్రమం వస్తోంది.

"వినపడకపోతే అదెందుకు?"

"ఏమో. అలవాటు కొద్దీ పెట్టుకుంటోందనుకున్నాను."

ఆయన రెండడుగులు ముందుకి వేశాడు. అప్పుడు సరిగ్గా చూశాడు. రేడియో మొహం గదిలోకి లేదు. గోడకేసి ఉంది. స్పీకరు జాలీ గోడకి ఇంచుమించు తగులుతోంది. మాణిక్యాంబ కూర్చున్న పీట వైపు దాని వీపు ఉంది. పైన అంకెల పలక మీద, ముల్లు నిలబడాల్సిన చోట, ఒక మెరూన్ రంగు స్టిక్కర్ బొట్టు ఉంది. సౌండు బిరడా పక్కన ఇంకొకటి ఉంది. అవి ఎవరివో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. రోజూ వాటి మధ్యే గెడ్డం గీసుకుంటున్నాడు.

నేలమీద నీడ పడేసరికి మాణిక్యాంబ తలెత్తింది. మరిదిని చూసి కంగారుగా లేచి పైట సర్దుకుంది. చెవులు లేనివాళ్ళ గొంతు పెద్దది.

"అయ్యో, మరిదిగారా! ఏంటండీ, రేడియో రావట్లేదా?"

ఆయన గోడకేసి చూశాడు.

"ఆగిపోయిందా సుధా? నాకు తెలీదమ్మా. ఎర్రలైటు వెలుగుతుంటే పాడుతోందనుకుంటాను. ఈమధ్య లైటు కొంచెం మసగ్గా ఉంది. బేటరీలు మార్పించాలని అనుకుంటూనే ఉన్నాను. కొట్టుదాకా నడవలేక ఇవాళ రేపు అని ఊరుకున్నాను. రెండ్రోజుల నుంచీ రావట్లేదా ఏంటి? మరిదిగారు లేవలేదా?"

సాయిసుధ పెద్దమ్మ భుజం పట్టుకుని రేడియోని చూపించింది, గోడను చూపించింది, ఎందుకన్నట్టు చెయ్యి తిప్పింది.

మాణిక్యాంబ మరిది మొహం చూసింది. సాయిసుధ మొహం చూసింది. ఆమెకి అర్థమైంది. చేటను గోడవారగా పెట్టింది.

"మీ అమ్మ చెప్పకూడదంది," అంది. "గడప తొక్కి వచ్చాక ఇంక దాచేదేముంది. మీ నాన్నగారు కొట్టుకి వెళ్ళినప్పుడు నేను పెరటి తలుపులోంచి వచ్చి మీ అమ్మ దగ్గర కూర్చునేదాన్ని. ఆయనకి తెలీదు. ఇంక నాలుగు రోజులన్నప్పుడు చెప్పింది. అక్కా, నేను పోయాక ఈయన లేవడు. తినడు. మాత్రలు వేసుకోడు. మంచం మీదే ఉండిపోతాడు. పెద్దకార్యం నాడు జనంలో రేడియో పట్టుకుపో, రోజూ పొద్దున్నే గోడకి పెట్టి మోగించు అంది."

మళ్ళీ పీట మీద కూర్చుంది.

"నేనన్నాను. ఆయన నన్ను దొంగనుకుంటాడే, మీనా. తిట్టుకుంటాడే. తిట్టుకోనీ అక్కా, అంది. నీ మీద కోపంతోనైనా లేస్తాడు. ప్రేమగా చెప్తే ఎప్పుడూ వినలేదు, కోపమొస్తే మాత్రం పడుకోలేడు. నిజం చెప్తే లేవడం మానేస్తాడు, చెప్పకు అంది. చెవులు పోతాయని అప్పుడు తెలీదు కదమ్మా. ఆ బొట్లు మాత్రం మీ అమ్మే అంటించి ఇచ్చింది, ముల్లు ఎక్కడ ఆపాలో నాకు తెలీదని. ఇప్పుడు ఆ బొట్లే దిక్కు."

సాయిసుధ నేలమీద కూర్చుని పెద్దమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. మాణిక్యాంబ ఆమె జుట్టు నిమురుతూ, మరిది వైపు చూసి, "పట్టుకెళ్తారా? పట్టుకెళ్ళండి. మీ వస్తువే," అంది.

జోగేశ్వరరావు రేడియోను చేతిలోకి తీసుకున్నాడు. అది ఆయన చేతిలోకి రావడం అదే మొదలు. వెచ్చగా ఉంది. చేతిలో దాని చప్పుడు వణుకుతున్నట్టుంది. తర్వాత దాన్ని స్టూలు మీద, మొహం గోడకేసి, ఇంతకుముందు ఉన్నట్టే పెట్టాడు. కదిపినప్పుడు ముల్లు కాస్త పక్కకి జరిగి గరగరమంది. వేలితో తిప్పి మళ్ళీ బొట్టు మీదికి తెచ్చాడు.

"ఉండనీ వదినా," అన్నాడు. ఆమెకి వినపడలేదు. చేత్తో ఉండనీ అన్నట్టు సైగ చేసి గడప దాటాడు.

ఇంట్లో కొత్త రేడియో ఇంకా పెద్ద గొంతుతో, గోడ ఎప్పుడో చెప్పేసిన సంగతే చెబుతోంది. జోగేశ్వరరావు బల్ల దగ్గరికి వెళ్ళి బిరడా పట్టుకుని తగ్గించాడు. గోడ అవతల గొంతు వినబడేదాకా తగ్గించాడు.

"నచ్చకపోతే వెనక్కి పంపించేయొచ్చండి మావయ్యగారూ," అన్నాడు వినయ్.

"అక్కర్లేదు. మధ్యాహ్నం వింటాను. ఆ లండనో ఏదో అన్నావే, అది రెండో మీటకి పెట్టు."

మాత్ర వేసుకున్నాడు. చొక్కా తొడుక్కుని వీధిలోకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి సాయిసుధ కళ్ళు తుడుచుకుని హాల్లో కూర్చుని కూర తరుగుతోంది. ఆయన ఆమె ముందు బేటరీల పొట్లం పెట్టాడు.

"అక్కడ ఇచ్చిరా."

"నువ్వే ఇవ్వకూడదా?"

"ఇచ్చిరా అన్నాను."

ఆమె పొట్లం తీసుకుంది కాని కదల్లేదు. "నాన్నా, అమ్మ ఇంకా ఏమేం చెప్పిందో పెద్దమ్మకి తెలుసు. నువ్వొక్కసారి వెళ్ళి కూర్చుంటే చెప్తుంది. ఇన్నాళ్ళూ నీ చేత దొంగ అనిపించుకుంది. ఒక్క మంచి మాట..."

"సుధా."

ఆమె ఆగింది. ఆయన అద్దం వైపు తిరిగి ఉన్నాడు. మొహం కనిపించలేదు. అద్దంలోనూ కనిపించలేదు, తల అంతగా వంచుకున్నాడు.

"ఇది ఇక్కడితో సరి. నేను దీని గురించి మాట్లాడను. నువ్వూ నా ముందు ఎత్తకు. మీ ఆయనకీ చెప్పు."

మర్నాడు పొద్దున గోడ అవతల పాట మొదలైంది. ఆయన లేచాడు. కొత్త బేటరీలతో అది మరీ గట్టిగా ఉంది. తగ్గించు అని ఆయన అనలేదు. ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎవరడిగినా చెప్పలేదు. ఇక చెప్పడు.